బాల్యానికి తగిన వస్త్రం: ఇస్లామీయ చరిత్రలో పిల్లల దుస్తులు

హిజ్రీ 7వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 628లో, ఖైబర్ యుద్ధం ముగిసిన వేళకు అబిసీనియా నుంచి కొన్ని ముస్లిం కుటుంబాలు మదీనా చేరుకున్నాయి. మక్కావాసుల హింసకు తాళలేక సముద్రం దాటి వెళ్ళినవారు వీరు. వీరి పిల్లల్లో కొందరు ఆ పరాయి నేల మీదనే పుట్టి, అక్కడి మాటలు వింటూ పెరిగారు. ఖాలిద్ బిన్ సయీద్ కుమార్తె అలాంటి పసిపిల్ల. ఆమె అసలు పేరు అమహ్. చరిత్రలో మాత్రం ఉమ్మె ఖాలిద్ అనే పేరుతోనే నిలిచిపోయింది. ఒకనాడు మహాప్రవక్త (స) వద్దకు కొన్ని వస్త్రాలు వచ్చాయి. వాటిలో నల్లని చిన్న ‘ఖమీసా’ ఒకటి ఉన్నది. దాని మీద పచ్చనివో, పసుపువో గుర్తులు నేసి ఉన్నాయి. దీన్ని ఎవరికి ఇద్దామని ఆయన అడిగితే సభలోనివారు మౌనంగా ఉండిపోయారు. ఆయన ఉమ్మె ఖాలిద్‌ను తీసుకురమ్మన్నారు. ఎవరో ఎత్తుకొని తెచ్చారు. ప్రవక్త (స) ఆ వస్త్రాన్ని స్వయంగా ఆ పిల్లకు తొడిగి, అది చిరిగి పాతబడేవరకు కట్టుకోవాలని దీవించారు. ఆపైన గుర్తులను వేలితో చూపుతూ ‘సనా’ అన్నారు. బాగుందని చెప్పే అబిసీనియా మాట అది.

సహీహ్ బుఖారీలోని వస్త్రప్రకరణంలో ఈ వృత్తాంతం ఉంది. చెప్పినది మరెవరో కాదు, పెద్దయిన తరువాత ఉమ్మె ఖాలిదే. ఆమె చెప్పిన మరొక కథనంలో పసుపు చొక్కా తొడుక్కొని తండ్రి వెంట ప్రవక్త (స) వద్దకు వెళ్ళడం, ఆయన భుజాల నడుమనున్న ముద్రతో ఆడుకోబోతే తండ్రి గద్దించడం, పిల్లను వదిలేయమని ప్రవక్త (స) వారించడం కనిపిస్తాయి. ఆ వస్త్రం చాలాకాలం నిలిచిందనీ, ఆమె మీద దాన్ని చూసినవారున్నారనీ ఉల్లేఖకులు చెప్పారు. హదీసు పండితులు ఈ కథనాన్ని చాలాచోట్ల ఉదాహరించారు. పరభాషలో మాట్లాడవచ్చునా అనే చర్చలోనూ, కొత్తబట్ట కట్టినవారిని ఎలా దీవించాలనే చర్చలోనూ దీనికి స్థానం ఉంది. పిల్లల దుస్తుల చరిత్రకు ఇది ఎంత విలువైన సాక్ష్యమో మాత్రం అంతగా గుర్తింపబడలేదు. ఒక పసిదానికి తగిన కొలతగల వస్త్రం, రంగు గుర్తులున్న వస్త్రం, ఆ పసిదాని భాషలోనే మెచ్చుకోలు. ఈ సన్నివేశంలో వస్త్రాన్ని పిల్ల కోసం చూశారు. పిల్లను వస్త్రం కోసం చూడలేదు.

హసన్, హుసైన్ (రజి)ల గురించిన కథనం కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ప్రవక్త (స) మిం‌బర్ మీద ఉపన్యసిస్తుండగా మనుమలిద్దరూ ఎర్రని చొక్కాలు తొడుక్కొని, అవి కాళ్ళకు అడ్డుపడి తడబడుతూ వచ్చారు. ఆయన ఉపన్యాసం ఆపి, దిగివచ్చి, ఇద్దరినీ ఎత్తుకొన్నారు. అబూదావూద్, తిర్మిజీ, నసాయీ సంకలనాల్లో ఇది ఉన్నది. ఉపన్యాసం మధ్యలో ఆపవచ్చునా అన్నది ధర్మశాస్త్రజ్ఞుల ప్రశ్న. వస్త్రచరిత్ర చదివేవారికి అగుపించేది వేరు. ఎదిగే పిల్లకు కొలత కంటె పొడవుగా కుట్టించడం ఏడవ శతాబ్దపు మదీనా ఇళ్ళలోనూ ఉన్నదన్నమాట.

ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ అరియెస్ 1960లో ప్రకటించిన గ్రంథంలో ఒక వాదం చేశాడు. మధ్యయుగపు ఐరోపాలో బాల్యానికి ప్రత్యేకమైన గుర్తింపు లేదనీ, పొత్తిగుడ్డలు వదలగానే పిల్లవాణ్ణి చిన్న సైజు పెద్దమనిషిగా అలంకరించేవారనీ, అందుకు దుస్తులే నిదర్శనమనీ అతడన్నాడు. ఐరోపా గురించి ఆ వాదం ఎంతవరకు నిలిచిందన్నది అక్కడి చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయం. దాన్ని మధ్యయుగ ముస్లిం సమాజాలకు అన్వయించడం మాత్రం కుదరదని అవ్నేర్ గిలాదీ 1992లో వెలువరించిన పరిశోధన చక్కగా నిరూపించింది. అరబీ భాషలోనే బాల్యపు మెట్లకు వేర్వేరు పేర్లున్నాయి. పాలు తాగే బిడ్డ ‘రజీ’, పాలు మాన్పించిన బిడ్డ ‘ఫతీమ్’, మంచిచెడులు తెలిసిన పిల్ల ‘ముమయ్యిజ్’, యుక్తవయసు ముంగిట నిలిచిన పిల్ల ‘మురాహిఖ్’, యుక్తవయసు వచ్చినవారు ‘బాలిగ్’. ఈ మెట్లు నిఘంటువుల్లో మాత్రమే ఉన్నవి కావు. ఆస్తి, సాక్ష్యం, నమాజు, వివాహం మొదలైన ప్రతి ప్రకరణంలోనూ ధర్మశాస్త్రం వీటిని ఆధారం చేసుకొనే నడిచింది. దుస్తుల విషయంలోనూ అంతే.

దీనికి మూలం దివ్య ఖురాన్ 24వ అధ్యాయమైన ‘నూర్’లో ఉన్నది. స్త్రీల అలంకరణ ఎవరి ముందు దాచనక్కరలేదో చెప్పే 31వ ఆయతులో, స్త్రీల మరుగు విషయాలు ఎరుగని పిల్లలకు మినహాయింపు ఉంది. 58వ ఆయతు మరికాస్త ముందుకు వెళ్ళింది. ఉదయపు నమాజుకు ముందు, మధ్యాహ్నం వస్త్రాలు సడలించి విశ్రమించే వేళ, రాత్రి నమాజు తరువాత - ఈ మూడు వేళలలో యుక్తవయసు రాని పిల్లలు కూడా అడిగి లోపలికి రావాలని చెప్పింది. 59వ ఆయతు ప్రకారం, యుక్తవయసు వచ్చాక ఆ అనుమతి అన్నివేళలా అవసరమవుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనార్హం. పిల్లలకు సంబంధించిన ఈ ఆయతులు పిల్లల బట్టల గురించి ఏమీ చెప్పలేదు. పెద్దలు బట్టలు సడలించిన వేళ పిల్లలు చూడరాదని చెప్పాయి. లజ్జ నేర్పడం పెద్దల మర్యాదతో మొదలవుతున్నది.

పిల్లల శరీరంలో కప్పవలసినది ఎంత? శాస్త్రభాషలో దీన్ని ‘ఔరత్’ అంటారు. హనఫీ న్యాయశాస్త్రంలో దీనికి క్రమమైన సమాధానం దొరుకుతుంది. డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ (1784-1836) తన బృహద్వ్యాఖ్యలో పూర్వుల మాటలను క్రోడీకరించాడు. నాలుగేళ్ళలోపు పసిపిల్లకు ఔరత్ అన్నదే లేదు. ఆ తరువాత కొంతకాలం వరకు ముందు వెనుక భాగాలే ఔరత్. పదేళ్ళు వచ్చే వరకు ఈ హద్దు క్రమంగా పెరిగి, పిమ్మట పెద్దల నియమంలో కలుస్తుంది. హంబలీలు ఏడేళ్ళను తొలి హద్దుగా పెట్టారు. షాఫయీలు కఠినంగా ఉండి నమాజు విషయంలో పిల్లలకు కూడా పెద్దల కొలతనే వర్తింపజేశారు. భేదాలున్నప్పటికీ ఏడు, పది అన్న సంఖ్యలు అంతటా వినిపించడం యాదృచ్ఛికం కాదు. ఏడేళ్ళకు నమాజు నేర్పమనీ, పదేళ్ళకు పడకలు వేరు చేయమనీ చెప్పే హదీసు అబూదావూద్ సంకలనంలో ఉన్నది. తెలుగు ఇళ్ళలోనూ మొలతాడుతో తిరిగే పసివాడికి లాగు, గౌను తొడుక్కొనే పిల్లకు పరికిణీ, ఆ తరువాత ఓణీ, చివరికి చీర అనే మెట్లు ఉండేవి. ఆ వరుసను ఎవరూ శాస్త్రంగా రాసిపెట్టలేదు. అయినా అమ్మమ్మలకు తెలుసు. హనఫీ పండితులు చేసినది ఒక విధంగా ఆ అమ్మమ్మల జ్ఞానాన్ని సూత్రీకరించడమే.

తలమీది వస్త్రం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యుక్తవయసు వచ్చిన స్త్రీ నమాజు తలవస్త్రం లేకుండా చెల్లదని చెప్పే హదీసును అబూదావూద్, తిర్మిజీ ఇద్దరూ నమోదు చేశారు. ఆ నియమానికి వయసే షరతు కావడం వల్ల, యుక్తవయసు రాని బాలిక తలమీద వస్త్రం లేకుండా చేసిన నమాజు చెల్లుతుందని హనఫీలు నిర్ణయించారు. అస్మా (రజి) పలుచని వస్త్రాలతో వచ్చినప్పుడు ప్రవక్త (స) చెప్పారనే ప్రసిద్ధ కథనం కూడా వయసు వచ్చిన స్త్రీ గురించినదే. పైగా ఆ కథనపు పరంపర మధ్యలో తెగి ఉన్నదని దాన్ని నమోదు చేసిన అబూదావూదే స్పష్టంగా చెప్పాడు. కనుక మూడేళ్ళ పిల్లకు తల కప్పడం ధార్మిక విధి అని వాదించేవారికి పాత గ్రంథాల్లో ఆధారం దొరకదు. మరోవైపు, అలవాటు చేయడం అనే మాట కూడా ఆ గ్రంథాల్లోనే ఉన్నది. పిల్లలకు విధి కాని నమాజును ఏడేళ్ళకు నేర్పించడం అలాంటి అలవాటు కోసమే. అలవాటుకూ విధికీ నడుమ ఉన్న ఈ తేడాను పాతవారు జాగ్రత్తగా కాపాడారు. అలవాటు చేసేటప్పుడు పిల్ల వయసును, ఓపికను లెక్కలోకి తీసుకోవాలి. విధి అయితే ఆ లెక్క ఉండదు.

పిల్లల దుస్తుల విషయంలో ధర్మశాస్త్రజ్ఞులు నిజంగా తగవులాడుకున్నది ఎంత కప్పాలనే విషయంపై కాదు, పట్టు మీద. పురుషులకు పట్టు, బంగారం నిషిద్ధం. మరి మగపిల్లలకు? బాలురకు ఉన్న పట్టును తీసివేసేవారమనీ, బాలికలకు ఉంచేవారమనీ జాబిర్ (రజి) చెప్పిన మాటను అబూదావూద్ భద్రపరిచాడు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ కుమారుడు పట్టు చొక్కాతో కనిపిస్తే హజ్రత్ ఉమర్ (రజి) మెడ దగ్గర వేలు దూర్చి చించివేశారనే కథనం కూడా ఉన్నది. షాఫయీ పండితుల్లో పలువురు పిల్లవాడికి ధర్మబాధ్యత లేదు గనుక పట్టు తొడగవచ్చునన్నారు. పండుగనాడు మరీ తప్పులేదన్నారు. హనఫీలు అంగీకరించలేదు. మర్‌గీనానీ (మరణం 1197) రచించిన ‘హిదాయా’లోని తర్కం చూడదగినది. తొడుక్కోవడం నిషిద్ధమైనప్పుడు తొడగడం కూడా నిషిద్ధమే. మద్యం తాగరాదన్నప్పుడు తాగించరాదన్నట్టే. ఇక్కడ తప్పు పిల్లవాడిది కాదు, తొడిగినవారిది. పిల్లల దుస్తుల గురించి ఈ సంప్రదాయం చెప్పిన అన్ని మాటల్లోకీ బరువైనది ఇదే అనిపిస్తుంది. పిల్ల ఏమి తొడుక్కొన్నదన్న ప్రశ్నను అది ఎవరు తొడిగారన్న ప్రశ్నగా మార్చింది.

ఈ వివాదం దక్కను మగ్గాల దాకా వచ్చిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. పడుగు పట్టుదైనా పేక పత్తిది అయితే ధరించవచ్చునని ‘హిదాయా’ అనుమతించింది. ‘మష్రూ’ అనే వస్త్రం సరిగ్గా ఆ కొలతకు నేసినది. ఆ పేరుకే షరా అనుమతించినదని అర్థం. మీదికి నిగనిగలాడే పట్టు కనిపిస్తుంది, ఒంటికి తగిలేది నూలు. గుజరాత్‌తో పాటు దక్కనులోనూ దీని నేత సాగింది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఔరంగాబాదు మష్రూకు, దాని తోడి వస్త్రమైన హిమ్రూకు పేరుగన్నది. పైజామాలకు, షేర్వానీలకు వాడే ఈ గుడ్డ ధర్మశంక ఉన్న ఇంట పండుగ మోజును తీర్చింది. ధర్మసూక్ష్మాన్ని చర్చించినది ఉలమాలు, పరిష్కరించినది సాలెవారు అన్నా తప్పులేదు. నూలు పక్క లోపలికి ఉండడం ఉక్కబోసే ఎండల్లో ఒంటికి హాయి అన్నది అదనపు లాభం.

ఇక నీతిగ్రంథాల సంగతికి వస్తే, అక్కడ మరింత ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. ఇమామ్ గజ్జాలీ (1058-1111) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పిల్లల పెంపకం మీద ఒక భాగం రాశాడు. పిల్లవాడికి తెల్లబట్ట మీద ఇష్టం కలిగించాలి. రంగులు, పట్టు ఆడవారి సొమ్మని చెప్పాలి. సుఖాలకు, ఆడంబర వస్త్రాలకు అలవాటుపడిన పిల్లల సావాసం మాన్పించాలి. అవయవాలను బయటపెట్టి తిరగకుండా అలవాటు చేయాలి. తల్లిదండ్రుల ఆస్తినిగాని, తిండినిగాని, దుస్తులనుగాని, చివరికి తన పలకను, సిరాబుడ్డినిగాని చూపించి తోటివారి ముందు గొప్పలు పోనివ్వరాదు. ఈ చివరి మాటలో బడి నేల మీద కూర్చొన్న పిల్లల గుంపు కళ్ళకు కడుతుంది. తొమ్మిది వందల ఏళ్ళ కిందట కూడా పిల్లలు ఒకరి పలకను మరొకరు అసూయగా చూసేవారు.

ఈ భాగం గజ్జాలీ సొంత ఊహ కాదు. అంతకుముందు మిస్కవైహ్ (మరణం 1030) ‘తహ్జీబుల్ అఖ్లాఖ్’లో బాలశిక్షణ మీద రాసిన అధ్యాయమే దీనికి ఆధారం. మిస్కవైహ్ తన అధ్యాయంలో ఎక్కువ భాగం బ్రైసన్ గ్రంథం నుంచి తీసుకొన్నానని దాచకుండా చెప్పాడు. బ్రైసన్ గ్రీకు రచయిత. గృహనిర్వహణ మీద అతడు రాసిన పుస్తకం గ్రీకులో తునకలుగా మాత్రమే మిగిలింది. సంపూర్ణంగా నిలిచినది అరబీ అనువాదమే. గ్రీకు ఇంటి యజమానికి రాసిన హితవును అరబీ అనువాదకులు కాపాడగా, మిస్కవైహ్ దాన్ని పెంచాడు, గజ్జాలీ దానికి పరలోక చింతన జోడించాడు. నసీరుద్దీన్ తూసీ (1201-1274) పారశీకంలో రాసిన ‘అఖ్లాఖె నాసిరీ’లో మళ్ళీ అదే ప్రవాహం కనబడుతుంది. ఆ గ్రంథం మొగలుల కాలపు భారతదేశంలో ప్రతి చదువుకొన్న ఇంటా ఉండదగినదిగా పేరుపొందింది. అక్బరు చదివించుకొని వినే పుస్తకాల్లో దాన్ని అబుల్ ఫజల్ పేర్కొన్నాడు.

అక్కడితోనూ ఆగలేదు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863-1943) ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ముస్లిం స్త్రీల కోసం ఉర్దూలో ‘బహిష్తీ జేవర్’ ప్రకటించారు. పెళ్ళికూతురికి సారెతో పాటు ఇచ్చే పుస్తకంగా అది ఇల్లిల్లూ చేరింది. అందులో పిల్లల పెంపకం గురించిన సూచనలు చదివితే గజ్జాలీ మాట కొత్త గొంతుతో వినిపిస్తుంది. మగపిల్లల మనసులో తెల్లబట్టల పట్ల ప్రీతి కలిగించమనీ, రంగురంగుల సొగసు బట్టలు ఆడపిల్లలవని చెప్పమనీ ఆయన సలహా ఇచ్చారు. గ్రీకు మూలం అప్పటికి అందరి జ్ఞాపకం నుంచి చెరిగిపోయింది. సలహా మాత్రం తల్లి నోట కూతురికి అందే మాటగా బతికింది. ఆడపిల్లల విషయంలో మాత్రం మౌలానా సొంత అనుభవం పలికింది. పరదాలో కూర్చొనే వయసు వచ్చేదాకా పిల్లకు నగలు పెట్టవద్దన్నారు. నగ కోసం పిల్ల ప్రాణానికే ప్రమాదం రావచ్చు, పైగా చిన్ననాటి నుంచే నగల మీద మోజు కలగడం మంచిది కాదు. తెల్లబట్ట మగవాడిదనీ రంగు ఆడదానిదనీ చేసిన విభజన ఈనాటి చదువరికి రుచించకపోవచ్చు. మదీనాలో ఎర్రచొక్కాలతో తడబడిన బాలురిద్దరి కథనం ముందు అది నిలవడం కూడా కష్టమే. నగల మీద చెప్పిన మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మౌలానా ఎందుకంత గట్టిగా చెప్పవలసి వచ్చిందో తెలియాలంటే వాడుకలో ఉన్న ఆచారాలను చూడాలి. అందుకు తెలుగుదేశంలోనే పుట్టిన గ్రంథం ఒకటి తోడ్పడుతుంది. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారాలను దక్కనీ ఉర్దూలో రాయగా, మద్రాసు సైన్యపు వైద్యుడు హెర్క్‌లాట్స్ ఆంగ్లంలోకి తెచ్చి 1832లో లండనులో ‘ఖానూనె ఇస్లాం’ పేర ప్రచురించాడు. పుట్టుక మొదలు చావు దాకా ప్రతి వేడుకను పూసగుచ్చినట్టు చెప్పిన పుస్తకమది. అనుబంధాల్లో దుస్తుల పేర్లు, నగల పేర్లు, చివరికి పిల్లల ఆటల పేర్లు కూడా చేర్చారు. పిల్లకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు చేసే ‘బిస్మిల్లా’ వేడుక అందులో విపులంగా ఉన్నది. తలంటి, కొత్తబట్టలు తొడిగి, పూలదండలు వేసి, చుట్టాల నడుమ కూర్చోబెట్టి తొలి అక్షరాలు చదివించేవారు. చూడముచ్చటైన సంప్రదాయమే. అయితే ఒక ఇంటి బిస్మిల్లాకు పెట్టిన జరీ జుబ్బా పక్కింటివారి అప్పుకు కారణమయ్యేది. ‘ఇస్లాహుర్రుసూమ్’ అనే గ్రంథంలో మౌలానా థానవీ ఇలాంటి వేడుకల ఖర్చులను తీవ్రంగా ఖండించడానికి కారణం ఇదే. పిల్లవాడి ఒంటిమీది గుడ్డ కుటుంబం హోదాకు జెండాగా మారిందన్నది ఆయన బాధ.

గ్రంథాలు ఇలా చెబుతుండగా, దర్జీలు, తల్లులు ఏమి చేశారు? బట్ట పుస్తకంలా నిలిచేది కాదు. పిల్లల బట్ట అసలే నిలవదు. అన్నకు పొట్టి అయినది తమ్ముడికి వస్తుంది, తమ్ముడు చించినది పొత్తిగుడ్డ అవుతుంది, చివరికి మసిగుడ్డ అవుతుంది. అందుకే మిగిలినవి రెండు చోట్ల మాత్రమే. ఒకటి ఈజిప్టు పొడి ఇసుక. పూర్వ క్రైస్తవ యుగం నుంచి ఇస్లాం తొలి శతాబ్దాల వరకు అక్కడి సమాధుల్లో దొరికిన ఉన్ని, నార అంగీల్లో పిల్లలవీ ఉన్నాయి. కొన్నింటికి తలమీదికి వచ్చే టోపీ కూడా జతచేసి ఉంది. ఆ కాలపు అంగీలకు నడుము దగ్గర అడ్డంగా ఒక మడత కుట్టు కనిపిస్తుంది. నేసిన పొడవును కత్తిరించి పాడుచేయకుండా మడిచి కుట్టేవారు. పిల్లల అంగీకి ఆ కుట్టు వరం వంటిది. పిల్ల ఎదిగినకొద్దీ మడత విప్పుకుంటూ పోవచ్చు. పరికిణీ అంచులో రెండు మూడు మడతలు వేయించి, ఏటేటా ఒకటి విప్పించే తెలుగు తల్లులకు ఇది వివరించనక్కరలేదు. విప్పిన చోట రంగు వెలవని గీత ఒకటి మిగిలిపోతుంది. పిల్ల వయసును ఆ గీతలతోనే లెక్కపెట్టవచ్చు.

రెండవ చోటు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదం. మరణించిన సుల్తానుల, రాకుమారుల దుస్తులను మూటకట్టి, చీటీ రాసి దాచే ఆచారం ఉస్మానీ వంశంలో ఉండేది. దానివల్ల శతాబ్దాల నాటి పిల్లల కఫ్తానులు ఈనాటికీ చూడగలుగుతున్నాము. పెద్దల కఫ్తాను ఆకృతినే చిన్నది చేసిన పట్టు కఫ్తానులవి. అరియెస్ మాట ఎక్కడైనా నిజమైతే ఇక్కడే. అయితే ఇవి రాజుల ఇంటివి. రాకుమారుడు పుట్టుకతోనే సింహాసనానికి గురుతు. అతడి బట్ట అతడి కోసం కుట్టినది కాదు, చూసేవారి కోసం కుట్టినది. సామాన్యుడి బిడ్డ బట్టలను మూటకట్టి చీటీ రాసినవారు లేరు. రాజుల ఇంటి బట్టలను చూసి ఊరి పిల్లల బట్టలు ఇలాగే ఉండేవని చెప్పడం చరిత్రకారులు తరచూ చేసే పొరపాటు.

పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో కుట్టుమిషను వచ్చింది. ఆ తరువాత బడి యూనిఫాం, ఆపైన రెడీమేడ్ దుకాణం వచ్చాయి. ఈ మూడింటితో పరిస్థితి మారింది. కుట్టుమిషను తల్లి చేతికి బలమిచ్చిందే గాని నిర్ణయాన్ని తీసుకోలేదు. గుడ్డ కొని, దర్జీకి కొలత ఇచ్చి, చేతులు ఇంత పొడవు, మెడ ఇంత పైకి, లోపల మడత రెండంగుళాలు అని చెప్పే పద్ధతిలో పిల్ల వయసును, ఒంటిని ఎరిగినవారే దుస్తులను నిర్ణయించేవారు. హైదరాబాదు పత్తర్‌గట్టి బట్టల దుకాణాలలో రంజాను నెల సగం కాకముందే గుడ్డ కొని దర్జీల వద్ద వేసేవారంటే కారణం అదే. రెడీమేడ్ దుకాణంలో వయసు మెడపట్టీ మీది అంకెగా మిగిలింది. లోపల విప్పుకోవడానికి మడత లేదు. చేతులు ఎంత, పొడవు ఎంత అన్నది ఎక్కడో ఉన్న తయారీదారు నిర్ణయిస్తాడు. అతడికి తెలిసిన నమూనా పెద్దల ఫ్యాషను. దాన్నే కుదించి పిల్లలకు అమ్ముతాడు. దానికి జవాబుగా వచ్చిన ధార్మిక దుస్తుల వ్యాపారం కూడా అదే దారి పట్టింది. అది పెద్దల అబాయాను కుదించి మూడేళ్ళ పిల్ల కొలతకు అమ్మింది. పోటీపడుతున్న ఈ రెండు వ్యాపారాలు ఒక విషయంలో ఏకీభవించాయి. ఇద్దరి దృష్టిలోనూ పిల్ల చిన్న సైజు పెద్దమనిషే. ఆడపిల్లకు మోకాళ్ళు దిగే, నూలుతో కుట్టిన, పరుగెత్తడానికి వీలైన ఒక మామూలు గౌను కోసం వెతికే తల్లికి ఈ రెండు దుకాణాల నడుమ చోటు ఇరుకైంది.

ప్రభుత్వాలు కూడా ఈ వివాదంలోకి దిగకతప్పలేదు. 1994లో ఈజిప్టు విద్యామంత్రి హుసైన్ కామిల్ బహావుద్దీన్ బడి దుస్తుల మీద ఉత్తర్వు జారీచేశాడు. ప్రాథమిక తరగతుల బాలికల దుస్తుల్లో తలవస్త్రానికి చోటివ్వలేదు. ఆ పై తరగతుల్లో సంరక్షకుడి సమ్మతి షరతు మీద అనుమతించాడు. ముఖం కప్పడాన్ని ఎక్కడా ఒప్పుకోలేదు. కుమార్తెలు ముఖం కప్పుకొన్నందుకు బడిలోకి రానివ్వలేదని ఒక తండ్రి వ్యాజ్యం వేశాడు. 1996 మే 18న ఈజిప్టు అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానం మంత్రి పక్షాన తీర్పు చెప్పింది. షరీఅత్ సూత్రాలను ఉల్లంఘించలేదని నిరూపించడానికి న్యాయమూర్తులు ధర్మశాస్త్రాన్నే చర్చించారు. ఉలమాలలో పలువురికి ఆ ఉత్తర్వు నచ్చలేదు. మంచిదో చెడ్డదో గాని, బాలికల వయసును మెట్లుమెట్లుగా విభజించిన తీరు మాత్రం పాత హనఫీ గ్రంథాల పద్ధతికి దూరం కాదు. ఐరోపాలోనూ ఇదే జరిగింది. ప్రాథమిక పాఠశాలలో పదేళ్ళలోపు బాలికల తలవస్త్రాన్ని నిషేధిస్తూ ఆస్ట్రియా 2019లో చట్టం చేయగా, అది ఒకే మతాన్ని గురిపెట్టిందని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2020 డిసెంబరులో కొట్టివేసింది. 2025 డిసెంబరులో అక్కడి పార్లమెంటు ఈసారి పద్నాలుగేళ్ళ లోపు బాలికలకు మరో నిషేధ చట్టం ఆమోదించింది. వియన్నా శాసనకర్తలు తొలిసారి ఎంచుకొన్న అంకె పది కావడం, ఆ అంకె ఇబ్న్ ఆబిదీన్ పుటల్లోనూ ఉండడం చరిత్ర చేసిన చమత్కారం.

అంకె ఒకటే అయినా దాని వెనుక ప్రశ్న ఒకటి కాదు. డమాస్కస్ పండితుడు పదేళ్ళ పిల్లకు ఏది భారం, ఏది తగును అని లెక్కవేశాడు. ఆధునిక రాజ్యాలు, వ్యాపారులు, ఒక్కొక్కప్పుడు ఇంటి పెద్దలు కూడా ఆ పిల్ల తల చూసి సమాజానికి ఏమి తెలుస్తుందని లెక్కవేశారు. ‘హిదాయా’ చెప్పిన సూత్రం ప్రకారం ఈ రెండవ లెక్కకు జవాబుదారీ ఆ పిల్ల కాదు. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె కలం ఇంకా తెరుచుకోలేదు, ఆమె పుణ్యపాపాలు రాయబడడం లేదు. గజ్జాలీ ప్రస్తావించిన పలక, సిరాబుడ్డి మాత్రమే ఆ వయసులో ఆమెవి.